పెంచలయ్య తాగిన బీడీలు

మా అన్నకు రెండు పేర్లు. పుట్టినప్పుడు మా అమ్మ పెట్టింది పెంచలయ్య. బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆయన పెట్టుకున్నది హెబ్రోను. గూడూరులో రెండు పేర్లున్నవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఏ పేరుతో పిలిచినా పలుకుతారు, టీ ఇస్తే తాగుతారు. మా అన్న మాత్రం పెంచలయ్యా అంటే తల కూడా తిప్పడు. వెనక నుంచి లారీ వస్తోందని ఆ పేరుతో అరిస్తే రోడ్డు మధ్యలోనే నిలబడతాడు.

ఆధార్ కార్డులో ఇప్పటికీ పాత పేరే ఉంది. మార్పించుకోమంటే ఆఫీసుల చుట్టూ తిరగడానికి తీరిక లేదంటాడు. అందుకని పోస్టులో ఏదొచ్చినా పెంచలయ్య పేరు మీదే వస్తుంది. "ఆయన లేడబ్బా" అని తిప్పి పంపేస్తాడు. ఒకసారి కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్, ఎక్కడికి పోయినాడని అడిగాడట. "చనిపోయినాడు" అని మా అన్న జవాబు. ఆ పోస్టుమ్యాన్ నా టిఫిన్ అంగడికి వచ్చి, పాపం ఎట్ల పోయినాడక్కా మీ అన్న అని పరామర్శించాడు. అప్పుడు మా అన్న అదే అంగడిలో, మూల బల్ల మీద కూర్చుని నా చేతి దోసె తింటున్నాడు. తలెత్తి చూడనైనా చూడలేదు.

మాది వాకాడు పక్కన పల్లె. మా అన్న చిన్నప్పుడే అందరం గూడూరు వచ్చేశాం, ఆయన మైకా షెడ్డులో చేరాడు. అభ్రకాన్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చే పని. సాయంత్రానికి ఒళ్ళంతా తళతళా మెరుస్తూ ఇంటికి వచ్చేవాడు. చూడటానికి అందంగానే ఉండేది గానీ ఆ మెరుపే ముక్కులోకీ నోట్లోకీ పోయేది. దానికి తోడు బీడీలు. రెండు చేతులకూ పని గనక బీడీ ఎప్పుడూ నోట్లోనే వెలుగుతూ ఉండేది. మా అమ్మ ఆయన చొక్కాలు ఉతికేటప్పుడు తిట్టని రోజు లేదు.

షెడ్డు మూతపడిన ఏడు ఆయన చిక్కిపోయి, దిక్కుతోచక తిరుగుతూ ప్రార్థన కూటాలకు పోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వాకాడు దగ్గర స్వర్ణముఖిలో దిగి బాప్తిస్మం తీసుకున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. అయినా నేను పోయాను. గట్టు మీద ఆయన పొడి చొక్కా పట్టుకుని నిలబడ్డాను. చొక్కా జేబులో బీడీ కట్టా అగ్గిపెట్టే ఉన్నాయి. నీళ్ళలోంచి వచ్చి, తల తుడుచుకోకుండానే, "ఆ కట్ట పారేయిమే. అది తాగేవాడు పోయినాడు" అన్నాడు. పారేశాను. ఆ రోజు నుంచీ బీడీ ముట్టలేదు. అది నిజం. అంత గట్టి మనిషి. ఆ గట్టిదనమే ఇన్నేళ్ళుగా నా తలనొప్పి.

తర్వాత నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనిలో కుదిరాడు. దొరవారిసత్రం వైపు క్రైస్తవుల ఇంటి పిల్ల ఎలిశబెతును పెళ్ళి చేసుకున్నాడు. షారన్ పుట్టింది. మార్కెట్లో మా అన్నంటే అందరికీ గౌరవమే. కాయను వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పి, తొడిమ కింద దాక్కున్న మచ్చను కూడా పట్టేస్తాడు. వ్యాపారులు ఎంత బతిమాలినా మచ్చకాయను మంచి కుప్పలో వేయడు. ఆ మాత్రం శ్రద్ధ సొంత ఒంటి మీద ఉంటే నాకింత రాసుకోవలసిన పని ఉండేది కాదు.

పోయిన ఎండాకాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. వానలు వచ్చినా తగ్గలేదు. ఆదివారం ఆరాధనలో పాటెత్తుకునేది ఆయనే. రెండో చరణానికి వచ్చేసరికి ఊపిరి అందక ఆగిపోతున్నాడని వదిన చెప్పింది. గూడూరులో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, పెద్దగా ఏమీ కనబడలేదని దగ్గుమందు రాశాడు. మందు సీసాలు మారాయి, దగ్గు మారలేదు.

షారన్ నెల్లూరులో బట్టల షోరూంలో పనిచేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరును ముందే పట్టే రక్తపరీక్ష వచ్చిందని ఫోనులో చూసి, నాన్న కోసం బుక్ చేసింది. ఒక అమ్మాయి ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోతుంది, ఎక్కడో పెద్ద ఊరి ల్యాబులో చూస్తారు, ఫలితం ఫోనుకే వస్తుంది. బిడ్డ ప్రేమతో చేసిన పని, నేనేమీ అనను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

ఆ అమ్మాయి సూది తీయకముందు కొన్ని ప్రశ్నలు అడిగింది. వయసు, పని, దగ్గు ఎన్నాళ్ళ నుంచి. పనేమిటంటే నిమ్మకాయల మార్కెట్ అన్నాడు. మైకా ఊసే లేదు.

"అంకుల్, బీడీ, సిగరెట్ అలవాటు ఉందా?"

"లేదమ్మా."

"ముందెప్పుడైనా ఉండిందా?"

"నేనెప్పుడూ ముట్టలేదు."

వదిన కూడా పక్క నుంచి, "ఆయనకు ఏ అలవాటూ లేదు పాపా" అంది. నేను చేతిలో నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"అన్నా, నిజం చెప్పు" అన్నాను.

"చెప్పినా గదా."

"షెడ్డులో పొద్దస్తమానం తాగినవి ఏమైనాయి?"

"అవి తాగింది పెంచలయ్య. ఈ పాప అడిగింది హెబ్రోనును. వాడి సంగతి ఈ పాపకెందుకు?"

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో పెంచలయ్య అనే ఇంకో మనిషి ఉన్నాడనుకుని, ఆయనకు కూడా పరీక్ష చేయించాలా అని అడిగింది. వద్దమ్మా, ఆయన పోయి చాలా కాలమైందని మా అన్న ఎంతో ఓపికగా చెప్పాడు. మనిషి అబద్ధమాడటం లేదు, అదీ నా బాధ. అబద్ధమాడేవాణ్ణయితే నిలదీయొచ్చు. నిజమే చెబుతున్నానని నమ్మేవాణ్ణి ఏం చేయాలి?

కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. రక్తంలో క్యాన్సరు జాడ ఏదీ కనబడలేదని ఉంది. షారన్ ఫోనులోనే ఏడ్చేసింది. వదిన వీధంతా చెప్పి వచ్చింది. ఆ ఆదివారం మా అన్న సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యమంటే దేవుడు తనకేం మేలు చేశాడో మైకులో అందరికీ చెప్పడం. సంఘంలో ఎవరో దాన్ని వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వదిన సంబరంగా నాకూ పంపింది.

నేను దోసెపెనం పక్కన నిలబడి ఆ వీడియో చూశాను. చూస్తూ చూస్తూ దోసె మాడ్చేశాను. ఎందుకంటే సాక్ష్యంలో ముందు పాత బతుకు చెప్పుకోవాలి, తర్వాత మారిన బతుకు. అది వాళ్ళ పద్ధతి. పాత బతుకు ఎంత చెడ్డగా ఉంటే మేలు అంత పెద్దదన్నమాట. అందుకని మా అన్న గొంతెత్తి, రోజుకు మూడు కట్టల బీడీలు తాగినవాణ్ణనీ, మైకా దుమ్ములో నిలబడి నోట్లో బీడీ తీయకుండా పనిచేసినవాణ్ణనీ వివరంగా చెప్పుకున్నాడు. అటువంటి నా రక్తంలో ఈ రోజు ఏ మచ్చా లేదని చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది.

అంటే, మా అన్న బీడీల సంగతి గూడూరులో సంఘానికంతా తెలుసు. గ్రూపులో ఉన్న దుబాయి బంధువులకు తెలుసు. తెలియనిది రక్తం తీసిన అమ్మాయికీ, మందు రాసిన డాక్టరుకూ మాత్రమే. తెలియవలసిందీ వాళ్ళకే.

ఆ మధ్యాహ్నమే మార్కెట్‌కు పోయాను. కాయల కుప్ప ముందు కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఆపి దగ్గి, మళ్ళీ ఏరుతున్నాడు.

"దగ్గు పోయిందా అన్నా?" అన్నాను.

"పోతుందిలే. రక్తంలో ఏమీ లేదని వచ్చింది గదా."

"రక్తంలో లేకుంటే దగ్గు యాడ నుంచి వస్తా ఉంది? నెల్లూరు పోయి ఛాతీ స్కాన్ తీయించుకుందాం రా."

"సాక్ష్యం చెప్పినాక స్కానింగుకు పోతే జనం ఏమనుకుంటారుమే? నమ్మకం లేదనుకోరా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కనే కుట్టి పెట్టిన బస్తా ఉంటే దాని మీద చెయ్యేసి అడిగాను. "ఈ బస్తా వాసన చూసి లోపల కుళ్ళుకాయ లేదని చెప్పగలవా?"

"వాసనొస్తే ఉన్నట్టే లెక్క. రాకుంటే చెప్పలేం. ఒక్క కాయకే మచ్చ పడుంటే వాసన యాడొస్తుంది? కుమ్మరించి చూడాల్సిందే."

"మరి నీ బస్తా ఎవురు కుమ్మరిస్తారు?"

ఆయన కాయలు ఏరుతూనే ఉన్నాడు. నేను అంతటితో ఊరుకోలేదు. "పెంచలయ్య చచ్చిపోయినాడన్నావు. సరే, ఒప్పుకుంటా. వాడి ఊపిరితిత్తులు ఎవరికిచ్చి పోయినాడో అది చెప్పు" అన్నాను. కుప్పల దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. మా అన్న నవ్వలేదు, కోప్పడలేదు. ఇంటికి పో, ఎండగా ఉంది అన్నాడు. అంతే. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా వింటుంది.

చివరికి నేను పాస్టర్ మాథ్యూ గారి దగ్గరికి పోయాను. నేను వాళ్ళ మతం మనిషిని కాను. ఆ మందిరం గడప తొక్కడం అదే మొదటిసారి. ఎవరి గుడికి పోయి ఎవరి మీద చాడీలు చెబుతున్నానో అని నాకే సిగ్గేసింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"పరీక్షకు పోవడం పాపమని నేనెప్పుడూ చెప్పలేదమ్మా. నాకు షుగరుకు నెలనెలా రక్తం తీస్తారు" అన్నాడు.

"ఆ ముక్క మా అన్నకు చెప్పండయ్యా."

"చెబుతాను. ఆయన సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదని చెబుతాను. పోయి చూపించుకుని వచ్చి మిగతాది చెప్పమంటాను."

నేను నెలల తరబడి అరిస్తే కదలని మనిషి, ఆ ఒక్క ముక్కకు నెల్లూరు రైలెక్కాడు. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు. వదినా నేనూ చెరోపక్క కూర్చున్నాం. దారిలో నేను మెల్లగా, డాక్టరు దగ్గరైనా బీడీల సంగతి చెప్పన్నా అన్నాను. అడిగితే నిజమే చెబుతాలే అన్నాడు. ఆయన నిజం ఎట్లాంటిదో నాకు తెలుసు గనక వీడియోను ఫోనులో ముందే వెతికి పెట్టుకున్నాను.

ఊపిరితిత్తుల డాక్టరు పేరు అశోక్. ఎక్స్‌రే చూశాడు, రక్తపరీక్ష ఫలితం చూశాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు.

"బీడీ, సిగరెట్ ఏమైనా?"

"లేదయ్యా."

"గతంలో?"

"నేను ముట్టలేదయ్యా."

"దుమ్ములో పనిచేశారా? మిల్లు, క్వారీ, గని?"

"నిమ్మకాయల మార్కెట్టయ్యా."

డాక్టరు మందుచీటీ తీశాడు. నేను ఫోను బల్ల మీద పెట్టి వీడియో నొక్కాను. సౌండు పూర్తిగా పెంచాను. మా అన్న గొంతు మైకులో ఎట్లా ఉంటుందో ఆ గదిలోనూ అట్లాగే మోగింది. మూడు కట్టలు వచ్చాయి. మైకా దుమ్ము వచ్చింది. నోట్లో తీయని బీడీ వచ్చింది. సంఘం స్తోత్రం అన్నచోట మా వదిన కూడా అలవాటు కొద్దీ కుర్చీలోంచే స్తోత్రం అంది. బయట వరుసలో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు.

వీడియో అయిపోయాక డాక్టరు అడిగాడు. "ఇది మీరేనా?"

"సాక్ష్యమయ్యా అది."

"ఇందులో చెప్పింది నిజమేనా?"

మా అన్న నా వైపు చూశాడు. నా జన్మలో ఆయన అంత గుర్రుగా చూసింది ఆ ఒక్కసారే. తర్వాత తల దించుకుని, "సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదయ్యా" అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. మందుచీటీ పక్కకు పెట్టి, ఛాతీ స్కాన్ రాశాడు. "ఈ రక్తపరీక్ష కొందరికి ముందే పట్టిస్తుంది. రక్తంలో ఏదైనా దొరికితే ఎక్కడుందో వెతకాలి. దొరకలేదని వెతకడం మానకూడదు. చిన్నగా ఉన్నప్పుడు అది రక్తంలోకి ఏమీ వదలకపోవచ్చు. ఇన్ని బీడీలు, అంత దుమ్ము ఉన్న మనిషిని నేను స్కాన్ లేకుండా పంపను. మానేసి ఎన్నేళ్ళయినా సరే" అన్నాడు.

స్కానింగు దగ్గర ఇంకో తంటా. ఆధార్ చూసి పేరు రాసుకున్నారు. లోపలి నుంచి పెంచలయ్య అని పిలిచారు. మా అన్న కదల్లేదు. మళ్ళీ పిలిచారు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ఆయన తర్వాత ఉన్న ముసలామె లేచి లోపలికి పోబోయింది. నేనే ఆమెను ఆపి, మా అన్న రెక్క పట్టుకుని లేపి, "ఈయనే, ఈయనే పెంచలయ్య" అన్నాను. "కాదని చెప్పు" అన్నట్టు మా వదిన వైపు చూశాడు. మా వదినకు కూడా అప్పటికి ఓపిక పోయినట్టుంది. "పోండి, పొయ్యి పడుకోండి ఆ మిషన్లో" అంది.

ఫలితం చూసి డాక్టరు మమ్మల్ని కూర్చోమన్నాడు. కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ ఉంది. ఇంకా కొన్ని పరీక్షలు చేయాలి అన్నాడు. అవీ చేశారు. ఫలితాలు వచ్చాక మళ్ళీ పోయాం. క్యాన్సరే. కానీ ఇంకా ఎక్కడికీ పాకలేదు, ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేయొచ్చు, ఇంత చిన్నగా ఉన్నప్పుడు మా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అన్న మాత్రం స్కాన్ బొమ్మ దగ్గరికి వంగి, మార్కెట్లో కాయను చూసినట్టు కళ్ళు చిట్లించి చూశాడు.

"యాడుందయ్యా?"

డాక్టరు పెన్నుతో చూపించాడు.

"ఇంత చిన్నదాన్ని నేను గూడా పట్టలేను" అన్నాడు మా అన్న.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వెంకటాచలం దాకా బయటికే చూశాడు. తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేట్టు, "వాడు యాడికీ పోలేదుమే. ఇన్నేళ్ళూ ఈడ్నే ఉండాడు" అన్నాడు. ఆ మాటే కదా నేను మార్కెట్లో అంతమంది ముందు అరిచి చెప్పింది. అప్పుడే చెప్పానా లేదా అని అడగడానికి ఎన్నో రోజులుగా ఎదురుచూస్తున్నాను. తీరా అవకాశం వస్తే అడగబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ కోపం అనుకున్నదంతా భయమేనని అప్పుడు తెలిసింది. వేరుశనగకాయలు కొనిచ్చాను. తినలేదు, పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆకుపచ్చ గౌను తొడిగి ఆయన్ని వరుసలో కూర్చోబెట్టారు. ఆ గౌనులో చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. షారన్ సెలవు పెట్టి వచ్చింది. పాస్టర్ గారు ప్రార్థన చేసి, బయట నిలబడ్డారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి పిలిచింది.

"పెంచలయ్య ఎవరు?"

రెక్క పట్టుకుని లేపడానికి నేను ముందే లేచి నిలబడ్డాను. ఈయనే అనబోయాను. అప్పటికే మా అన్న చెయ్యెత్తాడు.

"నేనేనమ్మా."

ఆమె కాగితం మీదికి వంగి, తలెత్తకుండానే, అడగవలసిన ప్రశ్నలు అడిగింది. షుగరుందా, బీపీ ఉందా, పడని మందులు ఏమైనా ఉన్నాయా. తర్వాత అదీ అడిగింది. బీడీ, సిగరెట్?

మా అన్న ఎలిశబెతు వైపు చూశాడు, షారన్ వైపు చూశాడు. నా వైపు చూసి, చొక్కా పట్టుకో అన్నట్టు విప్పిన తన చొక్కా నా చేతికిచ్చాడు. అప్పుడు ఆమెకు జవాబు చెప్పాడు.

"తాగినానమ్మా, చానా తాగినా. ఇంకెవురో కాదు, నేనే తాగినా."